కాటా ఎవరి చేతిలో ఉంది? సంత నుంచి సూపర్ మార్కెట్ దాకా మన బేరాల చరిత్ర



సంక్రాంతి సెలవుల తర్వాత మా హాస్టల్‌కు తిరిగి వచ్చిన ఒక ఇంటర్ అమ్మాయి నాకు ఒక ప్యాకెట్ తెచ్చి చూపించింది. విశాఖపట్నంలో వాళ్ళ అక్క దగ్గర నాలుగు రోజులుండి, అక్కడి సూపర్ మార్కెట్లో కొనుక్కొచ్చిందట. ప్యాకెట్ మీద 'రాగిపిండి' అని రాసి ఉంది.

"మేడం, ఇది మన చోడిపిండే కదా. మా నాన్న సంతలో చోళ్ళు అమ్మిన ధరకీ, దీని మీదున్న ధరకీ లెక్క కట్టాను. రెట్టింపు కన్నా ఎక్కువే ఉంది" అంది. ఒక్క నిమిషం ఆగి, "అమ్మినప్పుడు ధర కొన్నవాడే చెప్పాడు. కొన్నప్పుడు ధర అమ్మినవాడే చెప్పాడు. మనం ఎప్పుడు చెప్తాం మేడం?" అని అడిగింది.

పిండి పట్టినందుకు, ప్యాకెట్ కట్టినందుకు, లారీకి, షాపు అద్దెకు ఖర్చవుతుందని టీచర్‌లాగే జవాబు చెప్పాను. అది నిజమే. కానీ ఆ అమ్మాయి అడిగింది ఖర్చు గురించి కాదు. ఆ ప్రశ్నకు మన కొండల్లో నూట యాభై ఏళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. ఆ చరిత్రే మీకు చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

ఉప్పు కోసం మొదలైన బేరం

మన పూర్వీకులకు కొండ దాదాపు అన్నీ ఇచ్చింది. పోడులో చోళ్ళు, సామలు, కొర్రలు, కందులు పండేవి. అడవిలో దుంపలు, తేనె, చింతపండు, కరక్కాయ, కుంకుడుకాయ, అడ్డాకు దొరికేవి. కొండ ఇవ్వనివి మాత్రం కొన్ని ఉన్నాయి. వాటిలో మొదటిది ఉప్పు. ఆ తర్వాత గుడ్డ, ఇనుము, ఎండుచేప.

ఉప్పు సముద్రతీరం నుంచి రావాలి. రైలు రాకముందు ఆ ఉప్పును ఎద్దుల మీద వేసుకుని కొండలు దాటించిన వాళ్ళు బంజారాలు. తీరం నుంచి సాలూరు మీదుగా ఇప్పటి ఒడిశా, ఛత్తీస్‌గఢ్ ప్రాంతాలకు ఉప్పు తీసుకెళ్ళి, అక్కడి ధాన్యం తెచ్చేవారు. ఇవాళ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ షెడ్యూల్డ్ తెగల జాబితాలో ఉన్న మన లంబాడీ సోదరుల పూర్వీకులే వాళ్ళు. గిరిజనులకు వ్యాపారం చేతకాదని ఎవరైనా అంటే ఈ ఎద్దుల బిడారుల సంగతి చెప్పండి.

ఉప్పు దిగిన చోట, దారులు కలిసిన చోట సంతలు ఏర్పడ్డాయి. ఒక్కో ఊరికి ఒక్కో వారం. కొలతకు డబ్బు అక్కర్లేదు. సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచం ఉంటే చాలు. ఇంత చింతపండుకు ఇంత ఉప్పు అని ఎదురెదురుగా కూర్చుని తేల్చుకునేవారు. సంతంటే సరుకులొక్కటే కాదు. పెళ్ళి సంబంధాలు అక్కడే మాట్లాడుకునేవారు. ఏ ఊళ్ళో జబ్బు వచ్చింది, ఎవరింట చావు జరిగింది అన్న కబురు అక్కడే తెలిసేది. కొండదొర, భగత, కోదు, గదబ, పోర్జ, వాల్మీకి, ఇలా ఒక్కో తెగది ఒక్కో కొండ. అందరూ కలిసేది సంతలోనే.

ఒక్క సంగతి గుర్తుంచుకోండి. సంతకు వెళ్ళిన మనిషి పొద్దున అమ్మేవాడు, మధ్యాహ్నం కొనేవాడు. మా అమ్మమ్మ తెల్లారకముందే చింతపండు గంప నెత్తిన పెట్టుకుని బయల్దేరేది. తిరిగి వచ్చేటప్పుడు అదే గంపలో ఉప్పు, ఉల్లిపాయలు, నాకు ఒక బెల్లంముక్క ఉండేవి. చేతిలో సరుకు లేకుండా సంతకు వెళ్ళడం ఆమెకు సిగ్గుగా ఉండేది.

షావుకారు కొట్టు

చిన్న కొట్టు మంచిది, పెద్ద షాపు చెడ్డది అని ఈమధ్య చాలామంది రాస్తున్నారు. మన చరిత్ర తెలిసినవాళ్ళు అంత తేలిగ్గా అనలేరు. మన కొండల మీద మొదటి చిన్న కొట్టు షావుకారుది. మనల్ని ముంచిందీ ఎక్కువగా అదే.

ఎలా ముంచిందో వివరంగా తెలుసుకోవాలి. చింతపండు మాఘ ఫాల్గుణాల నుంచి వేసవి దాకా ఒక్కసారిగా చేతికొస్తుంది. అందరి దగ్గరా ఒకేసారి ఉంటుంది కాబట్టి ధర ఉండదు. వానాకాలంలో, ముఖ్యంగా ఆషాఢం నుంచి భాద్రపదం దాకా, ఇంట్లో గింజ ఉండదు. కొత్త పంట ఇంకా చేలోనే ఉంటుంది. ఆ మూడు నెలల ఆకలే షావుకారుకు పెట్టుబడి. అప్పుడు ఒక కుంచం చోళ్ళు ఇచ్చి, పంట చేతికి రాగానే కుంచంన్నర కొలిపించుకునేవాడు. దాన్నే నాము అన్నారు. అది తీరకపోతే వచ్చే ఏడాది కాయబోయే చింతచెట్టు తాకట్టు. అదీ చాలకపోతే చెక్క భూమి. చివరికి కొడుకు షావుకారు ఇంట్లో పాలేరు.

కొలతలోనూ మోసం ఉండేది. కొనే కుంచం పెద్దది, అమ్మే కుంచం చిన్నది. కాగితం మీద ఏం రాశాడో వేలిముద్ర వేసినవాడికి తెలియదు. కొట్టు చిన్నదే. కానీ చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ అదొక్కటే కొట్టు. కొనేవాడూ అతనే, అమ్మేవాడూ అతనే, అప్పిచ్చేవాడూ అతనే.

దీన్ని మనవాళ్ళు మౌనంగా భరించలేదు. 1879లో రంప ప్రాంతంలో లేచిన ఫితూరీకి కారణాల్లో కల్లు మీద పన్ను ఒకటి. మైదానం నుంచి వచ్చిన వ్యాపారుల అప్పు కాగితాలు మరొకటి. చిన్న బాకీకి కోర్టులో దావా వేసి, కొండ మనిషి హాజరు కాలేకపోయినప్పుడు ఏకపక్షంగా తీర్పు తెచ్చుకుని, పశువులను తోలుకుపోయేవారు. ఆ సంగతి బ్రిటిష్ అధికారులే తమ రికార్డుల్లో ఒప్పుకున్నారు. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక అడవిలోకి వెళ్ళడానికే ఆంక్షలు పెరిగాయి. ఆకు, కాయ ఏరుకోవడమే కష్టమైతే సంతకు ఏం తీసుకెళ్ళాలి? 1922 నుంచి 1924 దాకా అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో మన గాం గంటందొర, మల్లుదొరలు నడిచిన పోరాటానికి ఈ అటవీ ఆంక్షలు, రోడ్డు పనుల్లో వెట్టి కూడా కారణాలే.

ప్రభుత్వం కొంత కళ్ళు తెరిచింది. 1917లో ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూ బదిలీ చట్టం తెచ్చింది. వడ్డీకి హద్దు పెట్టింది, అనుమతి లేకుండా గిరిజనుల భూమి గిరిజనేతరులకు పోకూడదంది. కానీ చట్టం కాగితం మీద ఉంది, కాటా షావుకారు చేతిలోనే ఉంది.

డిపో వచ్చింది

ఇక్కడ కాసేపు ఇంగ్లండుకు వెళ్ళి రావాలి. మన ఊరి డిపో వెనకున్న ఆలోచనకు ఒక మూలం అక్కడ ఉంది. 1844 డిసెంబర్ 21న మాంచెస్టర్ దగ్గర రోచ్‌డేల్ అనే ఊళ్ళో నేతపనివాళ్ళు మొదలైన 28 మంది పేదలు తలా కాస్త డబ్బు వేసుకుని ఒక కొట్టు తెరిచారు. వెన్న, పంచదార, పిండి, కొవ్వొత్తులు, అంతే సరుకు. కల్తీ ఉండకూడదు, తూకం సరిగా ఉండాలి, మిగిలిన లాభం కొన్నవాళ్ళకే పంచాలి అన్నవి వాళ్ళ నియమాలు. వాళ్ళ ఊళ్ళోనూ షావుకార్లు కల్తీ చేసేవారు, అప్పులో ముంచేవారు. వాళ్ళు కొట్టు మీద కోపంతో కొట్టు మానలేదు. కొట్టునే తమ చేతిలోకి తీసుకున్నారు. సహకార ఉద్యమం ప్రపంచమంతా అక్కడి నుంచే పాకింది.

మన దగ్గర 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజనుల కోసం సహకార సంస్థ ఏర్పడింది. అదే మనం జీసీసీ అని పిలిచే గిరిజన సహకార సంస్థ. దాని పద్ధతి సామాన్యుడికి అర్థమయ్యేదే. సీజన్‌కు ముందే చింతపండుకు ఇంత, కరక్కాయకు ఇంత అని ధర ప్రకటించాలి. సంతకే వెళ్ళి కాటా పెట్టి కొనాలి. ఉప్పు, కిరసనాయిలు, బియ్యం, గుడ్డ డిపోలో న్యాయమైన ధరకు అమ్మాలి. ప్రైవేటు వ్యాపారి కూడా ఆ ధరకు తగ్గి కొనలేని పరిస్థితి రావాలి. అంటే డిపో ఎంత కొన్నదన్నది ఒక్కటే లెక్క కాదు. డిపో ఉండటం వల్ల పక్క షావుకారు ధర పెంచాల్సి రావడం కూడా దాని లాభమే.

అదే కాలంలో కొలతలు మారాయి. 1957 ఏప్రిల్ 1న కొత్త పైసలు వచ్చాయి. తర్వాత కొద్ది ఏళ్ళలో వీశెలు పోయి కిలోలు వచ్చాయి. వీశె అంటే సుమారు 1.4 కిలోలు. వీశెకు అలవాటుపడిన చేతికి కిలో కొత్త. ఎవరైనా వీశె ధర చెప్పి కిలో తూస్తే నష్టం ఎవరిదో మీరే ఊహించండి. లెక్క రానివాడికి మంచి సంస్కరణ కూడా ఖర్చుతోనే వస్తుంది.

డిపో అందిన చోట షావుకారు పట్టు సడలింది. అందని చోట అతనే కొనసాగాడు. శ్రీకాకుళం జిల్లా కొండల్లో 1960ల్లో వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం అనే ఇద్దరు ఉపాధ్యాయులు గిరిజన సంఘాన్ని నడిపారు. పాలేర్ల కూలి, అప్పుల రద్దు, అటవీ సరుకుకు ధర, ఇవీ మొదట అడిగినవి. 1967 అక్టోబర్ 31న ఇప్పటి పార్వతీపురం మన్యం జిల్లాలోని లేవిడి దగ్గర, మొండెంఖల్లు మహాసభకు వెళ్తున్న కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులను భూస్వాముల మనుషులు కాల్చి చంపారు. ఆ తర్వాత జరిగిన సాయుధ పోరాటం, అందులో పోయిన ప్రాణాలు వేరే పెద్ద చరిత్ర. ఇక్కడ చెప్పాల్సింది ఒకటే. ఆ పోరాటం మొదట్లో ఉన్నవి తూకం, కూలి, అప్పు.

చట్టాలూ వచ్చాయి. 1960లో షెడ్యూల్డ్ ప్రాంతాల్లో వడ్డీ వ్యాపారానికి లైసెన్సు ఉండాలన్న రెగ్యులేషన్ వచ్చింది. 1970లో గిరిజనుల రుణ విముక్తి రెగ్యులేషన్, భూ బదిలీని గట్టిగా ఆపిన 1/70 వచ్చాయి. 1979లో చిన్నతరహా అటవీ ఉత్పత్తుల వ్యాపారాన్ని నియంత్రించే రెగ్యులేషన్ వచ్చింది. 1996 పెసా చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం ఆ ఉత్పత్తుల మీద హక్కు మనదేనని చెప్పాయి.

1983లో వచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం కూడా ఈ వరుసలోనిదే. వానాకాలపు ఆకలికి నాము తీసుకునే అవసరాన్ని అది చాలావరకు తగ్గించింది. అయితే బియ్యం వచ్చాక ఇంట్లో చోడి అంబలి, సామల అన్నం తగ్గాయి. చోళ్ళు అమ్మి బియ్యం తినే ఇళ్ళలోనే నేనూ పెరిగాను. ఇప్పుడు హాస్టల్‌లో పిల్లలకు చోడి జావ పోస్తే, ముఖం పక్కకు తిప్పుకునేవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఎప్పుడూ ఉంటారు.

అమెరికాలో పుట్టిన కొట్టు

ఇక సూపర్ మార్కెట్. దాని పుట్టుక అమెరికాలో. 1916లో మెంఫిస్ నగరంలో క్లారెన్స్ సాండర్స్ అనే వ్యాపారి పిగ్లీ విగ్లీ అనే కొట్టు తెరిచాడు. అంతకుముందు అక్కడ కూడా మన కిరాణా కొట్టులాగే కౌంటర్ అవతల నిలబడిన మనిషి సరుకు తీసి తూచి ఇచ్చేవాడు. సాండర్స్ కౌంటర్ తీసేశాడు. ప్రతి సరుకు మీద ధర వేశాడు. బుట్ట పట్టుకుని మీరే ఏరుకోండి, పోయేటప్పుడు డబ్బు కట్టండి అన్నాడు. 1930లో న్యూయార్క్‌లో కింగ్ కల్లెన్ అనే పెద్ద దుకాణం వచ్చింది. 1974లో ఒహాయో రాష్ట్రంలో ఒక సూపర్ మార్కెట్లో మొదటిసారి గీతల కోడ్‌ను యంత్రం చదివి బిల్లు వేసింది. మన దేశంలో 1991 తర్వాత ఆర్థిక విధానాలు మారాక ఇలాంటి దుకాణాలు నగరాల్లో బాగా పెరిగాయి. ఇప్పుడు కొండ కింది పట్టణాల్లోనూ ఉన్నాయి.

న్యాయంగా మాట్లాడాలి. ఏ షావుకారు కొట్టులోనూ మనకు దొరకని రెండు సూపర్ మార్కెట్లో దొరుకుతాయి. ఒకటి, రాసిపెట్టిన ధర. కలెక్టరు గారి అబ్బాయికీ మన అబ్బాయికీ అదే ధర. రెండు, బిల్లు. నీదే ఊరు, ఎవరి కొడుకువి అని ఎవరూ అడగరు. నేను టీచర్ ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు పట్నంలో ఒక కొట్టులో ముందొచ్చిన నన్ను వదిలేసి వెనకొచ్చిన వాళ్ళకు సరుకు కట్టాడు. అలాంటివి అనుభవించిన వాళ్ళకు, బుట్ట పట్టుకుని తలెత్తుకుని తిరగడం ఎంత ఊరటో తెలుసు. మీరు అక్కడికి వెళ్తే నేను తప్పు పట్టను.

కానీ దాని పద్ధతి కూడా తెలుసుకుని వెళ్ళండి. రోజూ కావలసిన పప్పు, ఉప్పు సాధారణంగా లోపలెక్కడో ఉంటాయి. దారిలో బిస్కెట్లు, చిప్స్ కనబడతాయి. బిల్లు కట్టే చోట పిల్లల చేతికందేలా చాక్లెట్లు ఉంటాయి. 'ఒకటి కొంటే ఒకటి ఉచితం' అన్న దగ్గర ఆ రెండూ మనకు అవసరమా అని అడగాలి. ప్యాకెట్ ధర కాదు, వంద గ్రాముల ధర చూడాలి. షావుకారు మన ఆకలిని ఆసరా చేసుకున్నాడు. ఇక్కడ మన కోరికను ఆసరా చేసుకుంటారు. బలవంతం లేదు కాబట్టి నష్టం కనబడదు.

తేడా ఎక్కడుంది?

ఈ నాలుగింటినీ వరుసగా పెట్టి చూద్దాం. సంతలో మనం అమ్ముతాం, కొంటాం. షావుకారు దగ్గరా అమ్మాం, కొన్నాం, కానీ అప్పులో ఉండి. డిపోకు అమ్ముతాం, డిపోలో కొంటాం, అప్పు లేకుండా. సూపర్ మార్కెట్లో కొనడం ఒక్కటే. మా అమ్మమ్మ గంపతో అక్కడికి వెళ్తే ఆమె చింతపండు తీసుకునేవాళ్ళెవరూ ఉండరు. ఆమె చింతపండే ఎన్నో చేతులు మారి ప్యాకెట్‌గా అక్కడి అరలో ఉండవచ్చు. కానీ దాని మీద ఆమె పేరు, ఊరు ఉండవు.

మన పిల్లలు కేవలం కొనేవాళ్ళుగా మిగిలిపోతున్నారన్నదే నా భయం. మా వైపు సంతలు ఇప్పటికీ నిండుగానే ఉంటున్నాయి. కానీ కొండ సరుకు పెట్టుకుని కూర్చున్న వాళ్ళలో ఎక్కువమంది పెద్దవాళ్ళే. చదువుకున్న పిల్లలు ఫోన్ పట్టుకుని నూడుల్స్ బండి దగ్గర కనబడతారు. అమ్మ పక్కన కూర్చుని కాటా చూడటం వాళ్ళకు నామోషీ. అమ్మకు లెక్క రాదు. లెక్క వచ్చిన బిడ్డ అక్కడ లేడు. షావుకారు కాలంలో కూడా సరిగ్గా ఇదే పరిస్థితి. అప్పుడు చదువుకున్న బిడ్డ అసలు లేడు. ఇప్పుడు ఉండి కూడా పక్కన లేడు.

దారి లేకపోలేదు. అరకు లోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అరకు పేరుతో 2017లో పారిస్‌లో కాఫీ దుకాణమే తెరిచారు. జీసీసీ తేనె, కాఫీ పట్నం అరల మీద ఉన్నాయి. మన ఊరి పేరు ప్యాకెట్ మీదికి ఎక్కగలదని ఇవి చెబుతున్నాయి. 2013-14 నుంచి అటవీ ఉత్పత్తులకు కేంద్రం కనీస మద్దతు ధర పథకం ఉంది. 2018లో మొదలైన వన్‌ధన్ కేంద్రాల్లో సుమారు 20 మంది చొప్పున 15 సంఘాలు, అంటే మూడు వందల మంది దాకా కలిసి సరుకును శుభ్రం చేసి, ప్యాకెట్ కట్టి అమ్మే వీలుంది. చింతపండు గింజ తీసి అమ్మితే ధర వేరు, గింజతో అమ్మితే ధర వేరు. ఆ తేడా మన ఊళ్ళోనే మిగలాలి.

మీరు చేయగలిగిన పనులు

సూపర్ మార్కెట్ మానండి అని నేను చెప్పను. నేను చెప్పినా మీరు మానరు. ఈ నాలుగు పనులు చేయండి చాలు.

ఒకటి, సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు ఒక్క సంతకైనా అమ్మానాన్నలతో వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చోండి. కాటా సున్నా దగ్గర ఉందా, తూకంరాళ్ళ మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉందా చూడండి. గొడవ పడనక్కర్లేదు. చదువుకున్న పిల్ల చూస్తోందని తెలిస్తే చాలాసార్లు అదే సరిపోతుంది. మోసం జరిగితే వినియోగదారుల సహాయ నంబరు 1915 ఉంది.

రెండు, ఆ సంవత్సరం ప్రకటించిన మద్దతు ధరలు తెలుసుకుని ఇంట్లో గోడ మీద రాసి పెట్టండి.

మూడు, ఊళ్ళో మనవాళ్ళు నడిపే చిన్న కొట్టు ఉంటే కొంత అక్కడ కొనండి. అది షావుకారు కొట్టు కాదు. అప్పు పుస్తకం మాత్రం మీరూ ఒకటి రాసుకోండి. రెండు పుస్తకాలుంటే స్నేహం చెడదు.

నాలుగు, ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి మీ ఊరి సంత చరిత్ర రాయండి. ఏ సరుకు ఇచ్చి ఏం తెచ్చేవారు, కుంచం ఎంత ఉండేది, ఏ చింతచెట్టు ఎవరి తాకట్టులో పోయింది, ఎప్పుడు తిరిగొచ్చింది. పుస్తకాల్లో లేని ఈ చరిత్ర వాళ్ళ నోట్లోనే ఉంది. వచ్చే ఏడు మన సంచికలో మీ వ్యాసాలు చూడాలని ఉంది.

ఆ ఇంటర్ అమ్మాయి వేసవి సెలవుల్లో వాళ్ళ అమ్మతో సంతకు వెళ్ళింది. తిరిగొచ్చాక నా దగ్గరికి వచ్చి, "మేడం, ఈసారి చింతపండు ధర ముందు నేనే చెప్పాను. అతను అంత ఇవ్వలేదు. ఇస్తానన్న దానికి ఒప్పుకోక, డిపోలో ధర కనుక్కునేదాకా గంప దించలేదు" అంది. ఆ రోజు గంప కాసేపు బరువుగానే ఉండి ఉంటుంది. ఎంతకు అమ్మిందో నేను అడగలేదు. ఆమె తన నోటు పుస్తకం తెరిచి చూపించింది. తారీఖు, తూకం, ధర, అన్నీ రాసి ఉన్నాయి.